రక్తాక్షి తాత

ఇట్టా దగ్గరికి జరగండర్రా, నెగడు సెగ తగులుద్ది. ఇవాళ మా ముత్తాత ముచ్చట చెబుతా.

ఆయన అసలు పేరు ఊళ్ళో ఎవరికీ తెలీదు. అందరికీ రక్తాక్షి తాతే. చిన్నప్పుడు మేం అన్నం తినకపోతే, "అదుగో, రక్తాక్షి తాత కళ్ళెర్రజేసి వస్తన్నాడు" అని బెదిరించేవాళ్ళు. నేనూ ఆయన మహా కోపిష్టి అనుకునే పెరిగా.

1984 ఉగాది నాడు రామాలయంలో పంచాంగ శ్రవణానికి కూర్చున్నా. పంతులుగారు "రక్తాక్షి నామ సంవత్సరం" అని ఎత్తుకున్నారు. గుండె ఝల్లుమంది నాకు. ఇది కళ్ళ పేరు కాదురా, ఏడు పేరు! అరవయ్యేళ్ళకోసారి తిరిగొచ్చే పేరు. వేళ్ళ మీద లెక్కేశా. వెనక్కెళ్తే 1924, ఇంకా వెనక్కెళ్తే 1864. బందరు ఉప్పెనొచ్చిన ఏడు!

ఇంటికొచ్చి భోషాణం తెరిచా. దస్తావేజుల అడుగున, పసుపు గుడ్డలో చుట్టిన జాతకం, ఒక్కటే తాటాకు. అంచులు ఎలకలు కొట్టేసినయి. పంతులుగారు దాని మీద దీపం మసి రాసి మెల్లగా తుడిస్తే అక్షరాలు నల్లగా తేలినయి. రక్తాక్షి, శ్రావణ మాసం.

ఉప్పెనొచ్చింది ఆ ఏడు నవంబరు 1 రాత్రి. దీపావళి వెళ్ళి ఇంకా రెండ్రోజులే. చిమ్మచీకట్లో సముద్రం బందరు మీద పడింది. దగ్గర దగ్గర 30 వేల మంది పోయారు. మన తాత అప్పటికి మూడు నెలల పసిగుడ్డు. 77లో దివిసీమ ఉప్పెన తర్వాత తుమ్మకంపల్లోంచి శవాలు తీసినోణ్ణి నేను. ఆ నీళ్ళలో పసిబిడ్డ మిగలడమంటే ఏంటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ జాతకం దొరికేనాటికి మా నాయనమ్మ ఉంది, తొంభైకి దగ్గరపడింది. అడిగా. "మామగారికి కోపమా? నన్ను ఒక్కనాడు గట్టిగా పిలిచి ఎరగరు నాయనా" అంది. తాత వాళ్ళమ్మ బిడ్డని చంకనేసుకుని, "రక్తాక్షిలో మిగిలినోడు" అని కనపడినోళ్ళందరికీ చెప్పుకునేదంట. చెప్పగా చెప్పగా మిగిలినోడు అన్న మాట జారిపోయింది. రక్తాక్షి ఒక్కటీ నిలిచింది.

పాపం, ఆ మెత్తని మనిషిని మనం ఇన్నేళ్ళు కోపిష్టిని చేసి పిల్లల్ని బెదిరించామర్రా. ఆ బాధ నాకింకా తీరలేదు.

ఇంకోటి కూడా చెప్పింది నాయనమ్మ. కార్తీకంలో తూర్పు గాలి తిరిగితే ఆయన నిద్రపోయేవాడు కాదంట. గొడ్ల పలుపులు విప్పేసి, వాకిట్లో నిలబడి, గాలి వంకే చూస్తా ఉండేవాడంట. నడింట్లో దూలానికి లావుపాటి కొబ్బరితాడు ఒకటి కట్టి ఉంచాడు. ఎవర్నీ విప్పనిచ్చేవాడు కాదు. తాడు ఎప్పుడో చివికిపోయింది గానీ, దూలం మీద దాని ఒరుపు ఇంకా ఉంది. రేపు పొద్దున నిచ్చెనేసి చూపిస్తా.