మూరెడు కట్ట

సంగం జాగర్లమూడిలో రాత్రిపూట రైలు ఆగితే ఊరి దీపాలు కనబడతాయి. ఆ కరెంటు ఎక్కడిదని అడగండి, శ్రీశైలం అనో, విజయవాడ థర్మల్ అనో చెబుతారు. అందులో కల్పాక్కం, కైగా అణుకేంద్రాల వాటా కూడా ఉందని ఎవరికీ తట్టదు. నాకూ తట్టలేదు. నాలుగిళ్ల పాలు ఒకే బిందెలో పోశాక ఏ చుక్క ఎవరి గేదెదో ఎవరు చెప్పగలరు?

తెలుగునాట అణువిద్యుత్ కేంద్రం ఒక్కటీ లేదు. ఉన్నదల్లా వంటింటి వెనక చాకిరీ.

1969లో తారాపూర్ కేంద్రం అమెరికా చలవతో మొదలైంది. రాజస్థాన్‌లో రెండోదానికి కెనడా తోడు నిలిచింది. 1974లో మనం పోఖ్రాన్‌లో అణుపరీక్ష జరిపేసరికి కెనడాకు కోపం వచ్చి చేతులు దులుపుకుంది. ఎసరు మరుగుతుండగా పక్కింటావిడ వచ్చి అరువిచ్చిన గిన్నె పట్టుకుపోయినట్టయింది.

అప్పుడు అక్కరకొచ్చింది హైదరాబాదే. 1971లోనే అక్కడ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ పెట్టారు. యురేనియం పొడిని చిన్న చిన్న బిళ్లలు చేసి, కాల్చి, జర్కోనియం గొట్టాల్లో పేర్చి, పంతొమ్మిది గొట్టాలను ఒక కట్టగా బిగిస్తారు. మూరెడు పొడుగు, పదిహేను కిలోల పైన బరువు. చూస్తే ఊదొత్తుల కట్టే! 220 మెగావాట్ల రియాక్టరు పొట్టలో ఇలాంటివి మూడు వేలకు పైగా పడతాయి. రియాక్టర్లను అదుపు చేసే సాధనాలు తయారుచేసిన ఈ.సి.ఐ.ఎల్. కూడా ఆ పక్కనే. 1967లో దాన్ని నిలబెట్టిన ఏ.ఎస్. రావుగారు పశ్చిమ గోదావరిలోని మోగల్లులో పుట్టారు. విదేశీ సాయం లేకుండా మనవాళ్లే కట్టుకున్న కల్పాక్కం 1983లో కరెంటివ్వడం మొదలుపెట్టింది.

ఇక భారజలం. మన కాలువలో బిందె ముంచినా అందులో కాస్త ఉంటుంది. హైడ్రోజన్ పరమాణువుల్లో ఆరు వేలకు పైచిలుకులో ఒకటి బరువైన రకం. దాన్ని గోదావరి నీళ్లలోంచి ఏరి తీసే కర్మాగారం 1991లో మణుగూరులో మొదలైంది. బియ్యంలో రాళ్లేరే మనకు ఆ ఓపిక ఎంతటిదో తెలుసు.

ఇంత చేసినా దేశం మొత్తం కరెంటులో అణువిద్యుత్ వాటా నూటికి మూడు రూపాయల పాటిదే. ఆ మూడును పెంచడానికే శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఆరు పెద్ద రియాక్టర్లు కట్టాలని తలపెట్టారు. ఆ ఊళ్లు సముద్రం ఒడ్డున చేపలు పట్టుకునేవాళ్లవి. నా దీపం వెలగడానికి ఇంకో ఇల్లాలు పొయ్యి ఎత్తిపెట్టుకుని పోవాలా అని నా మనసు పీకుతూనే ఉంటుంది. భూసేకరణ, పరిహారం, పునరావాసం అంటూ ఏళ్లు గడిచాయి. కొవ్వాడ నుంచి ఇంతవరకు ఒక్క యూనిట్ కరెంటూ రాలేదు.