ఆపద వేళ పిలుపు: ఉత్తర తెలంగాణ సంఘాల సింహావలోకనం

ఒంట్లో బాగాలేని మనిషి సంఘ పెద్దలను పిలిపించుకొని, నూనె రాయించుకొని ప్రార్థన చేయించుకోవాలని కొత్త నిబంధనలోని యాకోబు పత్రిక చెబుతుంది. మూడో శతాబ్దంలో రోమా సామ్రాజ్యాన్ని మహమ్మారి చుట్టుముట్టినప్పుడు కార్తేజీలో సిప్రియన్, అలెగ్జాండ్రియాలో దియొనీసియస్ అదే నమ్మకంతో నిలబడ్డారు. రోగులను వదిలేసి పారిపోకుండా సేవ చేసి, తామూ ప్రాణాలు పోగొట్టుకున్న విశ్వాసుల సంగతి దియొనీసియస్ ఉత్తరాల్లో ఉంది. ప్రార్థన, పరిచర్య విడదీయరానివన్న ఆ తొలి వారసత్వం పదహారు వందల ఏళ్ల తర్వాత గోదావరి తీరానికి వచ్చింది.

1880 ప్రాంతంలో విలియం బర్జెస్ సికింద్రాబాద్‌లో వెస్లియన్ మెథడిస్టు మిషన్ పనికి పునాది వేశారు. ఆ దశాబ్దంలోనే కరీంనగర్ ఒక కేంద్రమైంది. తర్వాత పని గోదావరి దాటి లక్సెట్టిపేట దాకా పాకింది. నిజాం పాలనలోని ఆ పల్లెలకు గత్తర (కలరా), అమ్మవారు (మశూచి), కరువు, వెట్టి అన్నీ కలిసే వచ్చేవి. ఊరికి గత్తర వస్తే పోచమ్మకు బోనం, మైసమ్మకు కోడి. అంతకు మించి దిక్కు లేదు. అలాంటి మాల, మాదిగ వాడలకు కాలినడకన వచ్చిన ఉపదేశకులు, బైబిలు స్త్రీలు రోగి మంచం పక్కన కూర్చుని ప్రార్థించారు. నా అంచనాలో ఇక్కడి సంఘాలకు అసలు పునాది ఆ మంచం పక్కనే పడింది. అంటరాని వాడలోకి వచ్చి, రోగి చెయ్యి పట్టుకొని, పేరు పెట్టి ప్రార్థించడం ఆనాటికి చిన్న విషయం కాదు. మిషనరీ దొరల పేర్లు చరిత్రకెక్కాయి. ఈ ఉపదేశకుల పేర్లు చాలావరకు ఎక్కలేదు.

ప్రార్థన వెంటే వైద్యం నడిచింది. 1915లో నిజామాబాద్ పక్కన డిచ్‌పల్లిలో ఇసాబెల్ కెర్, జార్జి కెర్ దంపతులు కుష్ఠు ఆసుపత్రి మొదలుపెట్టారు. ఆ పనికి అండగా నిలిచిన దాత రాజా నర్సాగౌడ్ హిందువు. ఊరు వెలివేసిన మనిషికి అక్కడ చాల్‌మూగ్రా నూనె సూది మందూ దొరికింది, పొద్దుమాపుల ప్రార్థనా దొరికింది. మెదక్‌లో చార్లెస్ పాస్నెట్ కరువు రోజుల్లో కూలీలకు తిండి దొరికేలా కట్టించిన మహాదేవాలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ పొందింది. కరీంనగర్ మిషన్ ఆసుపత్రి కూడా ఆ వైద్య పరంపరలోదే. మందును ఒప్పుకుంటే విశ్వాసం తగ్గుతుందని ఆ తరం అనుకోలేదు. ఈ ప్రాంతానికి వారిచ్చిన మేలైన ఆస్తి అదేనని నేను నమ్ముతాను.

మార్పు మాత్రం ఒక్కపెట్టున రాలేదు. మెదక్ ప్రాంతపు గ్రామ సంఘాలను పి.వై. లూక్, జాన్ కార్మన్ పరిశీలించి 1968లో పుస్తకం వెలువరించారు. బాప్తిస్మం తీసుకున్న కుటుంబాలు సైతం అమ్మవారు పోసినప్పుడు పోచమ్మను పూర్తిగా విడిచిపెట్టలేదని అందులో రాశారు. దాన్ని విశ్వాస లోపమనడం తేలిక. బిడ్డ ఒళ్లు కాలిపోతుంటే తల్లి తెలిసిన తలుపులన్నీ తడుతుంది. 1975 తర్వాత మశూచి దేశంలోనే లేకుండా పోయింది. అమ్మ భయం పల్చబడింది, బోనాలు మాత్రం పండుగగా నిలిచాయి.

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు వెస్లియన్ సంఘాలు అందులో కలిశాయి. 1978లో కరీంనగర్ ప్రత్యేక అధ్యక్ష మండలమైంది. కాథలిక్కుల వైపు 1952లో వరంగల్ మేత్రాసనం కరీంనగర్‌ను కలుపుకొని ఏర్పడింది. కేరళ నుంచి వచ్చిన సీరో మలబారు గురువుల కృషితో 1999లో ఆదిలాబాద్ మేత్రాసనం మంచిర్యాల కేంద్రంగా వెలిసింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో స్వతంత్ర ప్రార్థనా మందిరాలు, ఉపవాస ప్రార్థనలు, స్వస్థత కూడికలు సింగరేణి బొగ్గు గనుల బస్తీల దాకా పెరిగాయి. 2020లో కరోనా మందిరాల తలుపులు మూయిస్తే ఫోన్లలోనే ప్రార్థనలు సాగాయి.

కాలినడకన తిరిగిన ఆ ఉపదేశకుల పేర్లకు పాత బాప్తిస్మ రిజిస్టర్లలో ఆనవాళ్లుంటాయి. చెద పట్టకముందే వాటిని తెరిచి, ఊరూరా పెద్దల నోట మిగిలిన జ్ఞాపకాలతో కలిపి రాసుకోవాల్సిన పని ఈ తరం ముందుంది.