తాతయ్య గాలం రీలులో చిల్లు కానీ

పోయిన దసరా సెలవుల్లో సిరుగుప్ప దగ్గరి మా క్యాంపు ఇంట్లో అటక సర్దుతుంటే రేకు పెట్టెలో తాతయ్య గాలం రీలు దొరికింది. నాలుగంగుళాల చెక్క చక్రం, వీపున ఇత్తడి నక్షత్రం, తిప్పడానికి రెండు కొమ్ము పిడులు. ఫోటో నెట్లో పెడితే విదేశంలో ఉన్న ఒకాయన కొంటానన్నాడు. షరతు ఒక్కటే, అన్ని భాగాలూ అసలువే అయి ఉండాలి. ఇంటి కప్పు కారుతోంది, ఆ డబ్బుతో స్లాబు బాగుచేయించవచ్చు అనుకున్నాం.

దాని గురించి ఇంట్లో రెండు కథలున్నాయి. పెదనాన్న లెక్కలో అది బెజవాడలో ఒక దొర ఇచ్చిన బహుమానం, తాతయ్య ఏనాడూ వాడలేదు. తాతయ్య చివరి ఇరవై ఏళ్ళు నీచు ముట్టలేదు కాబట్టి ఈ మాట అందరూ నమ్మారు. మేనత్త మాత్రం "వాడకపోవడమేంటి, ఎండాకాలం కాలవ కట్టేస్తే మడుగుల్లో వాలుగలూ కొర్రమీనులూ పట్టేవాడు" అంటుంది. బళ్ళారి కంటోన్మెంటులో పాత సామాను వేలంలో కొన్నాడని ఆవిడ వాదన.

కొత్తగా చదివేవాళ్ళకి కొంచెం చరిత్ర చెప్పాలి. బళ్ళారి 1800లో నిజాం నుంచి కంపెనీ చేతికి వచ్చిన దత్తమండలంలోది. 1953 వరకూ మద్రాసులోనే ఉంది. ఆ ఏడు అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకీ, మిగతా తాలూకాలు మైసూరుకీ పోయాయి. అదే ఏడు తుంగభద్ర డ్యాము పూర్తయ్యింది. ఆ నీళ్ళ వెంట కోస్తా జిల్లాల రైతులు వచ్చి కట్టుకున్నవే ఈ క్యాంపులు. మేమూ అలా వచ్చినవాళ్ళమే. బడిలో మాకు కన్నడమే, తెలుగు ఇంట్లో నేర్చుకున్నది. గాలాన్ని ఇక్కడ గాళ అంటారు, మా నోట్లో రెండూ ఉన్నాయి.

దొరలకి ఈ గాలం పిచ్చి బాగా ఉండేది. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివాన్ థామస్ 1873లో మంగళూరులో 'ద రాడ్ ఇన్ ఇండియా' అనే లావుపాటి పుస్తకమే అచ్చువేయించాడు. కాబట్టి దొరల సామానులో గాలం రీలు ఉండటం వింతేమీ కాదు.

మాది నాటింగ్‌హామ్ రకం. ఇంగ్లండులో ట్రెంట్ నది పక్క ఊరి పేరు అది. ప్రవాహంతో పాటు బెండు కొట్టుకుపోతుంటే దారం తేలిగ్గా వదలడానికి చెక్క చక్రం ఇరుసు మీద స్వేచ్ఛగా తిరుగుతుంది. చెక్క కాబట్టి వంగిపోతుంది. అలా వంగకుండా పట్టి ఉంచడానికే వీపున ఆ ఇత్తడి నక్షత్రం.

ఇక్కడ మా తప్పు చెప్పాలి. దొరికిన రోజే చింతపండు పెట్టి ఇత్తడినంతా తళతళా తోమేశాం. పాత ఇత్తడి మీద గోధుమరంగు పొర ఉంటుంది. తర్వాత ఎవరైనా ఆకురాయి పెట్టినచోట ఆ పొర పలచగా, వేరే రంగులో కనిపిస్తుంది. ఏది ముందు, ఏది తర్వాత అని చెప్పే సాక్ష్యం అదే. సాఫ్ట్‌వేర్ టెస్టింగు చేసే మేము, లాగులు చూడకుండానే చెరిపేశామన్నమాట. ఆఫీసులో ఇంకొకరు ఈ పని చేస్తే ఊరుకునేవాళ్ళం కాదు.

మిగిలిన సాక్ష్యంతోనే పని చేశాం. ఫ్యాక్టరీలో లేత్ మీద చేసిన భాగానికి గుండ్రటి గీతలుంటాయి, చేత్తో రాకినదానికి అడ్డదిడ్డం గీతలు. వెదురు కర్రకి కట్టే ఇత్తడి పాదం రెండు చివరలూ అడ్డంగా రాకి ఉన్నాయి, పైగా మధ్యలో కొంచెం వంచారు. లావుపాటి నాటు వెదురు మీద కూర్చోవడానికి చేసిన పని అది. షోకేసులో పెట్టుకునేవాడికి ఆ అవసరం రాదు.

చప్పుడు చేసే పళ్ళ చక్రానికి ఆనుకునే స్ప్రింగు తీస్తే, ఒక అంచున సగం అరగదీసిన రంపపు పళ్ళు కనిపించాయి. హాక్సా బ్లేడు ముక్క! దాన్ని పట్టిన స్క్రూ కొలిస్తే నాలుగు మిల్లీమీటర్లు, మర మరకీ మధ్య 0.7. ఆ కాలపు బ్రిటిష్ చిన్న మరల్లో దీనికి దగ్గరగా ఉండే 4 బీఏ అయితే 3.6, 0.66 ఉండాలి. మరల దూరం ఒక్కటే చూసి ఉంటే మోసపోయేవాళ్ళం. ఇది మెట్రిక్ స్క్రూ. మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం వచ్చింది 1956లో, బజారులో స్థిరపడింది ఆ తర్వాత. అంటే ఈ మరమ్మతు క్యాంపు కాలానిదే.

అసలైనది చక్రం వెనకాల దొరికింది. వంగిన చెక్క వీపుకి రాసుకోకుండా మధ్యలో వాషరు వేశారు. తుడిచి చూస్తే కిరీటం, 1944. చిల్లు కానీ! యుద్ధకాలంలో లోహం ఆదా చేయడానికి 1943 నుంచి నడిమధ్య పెద్ద చిల్లుతో వేసిన పైసా అది. రూపాయికి 64. 1957లో నయాపైసలు వచ్చాక దీని విలువ పోయింది గానీ, మిల్లీమీటరు కూడా లేని మందంతో తయారైన వాషరు చేతిలో ఉంటే ఎవరు పారేస్తారు? చెక్క వైపు అచ్చు చెక్కుచెదరలేదు, చక్రం వైపున్న ఆకుల తోరణం మాత్రం అరిగి అద్దంలా ఉంది. అంత అరగాలంటే చక్రం ఏళ్ళ తరబడి తిరిగి ఉండాలి.

నాణెం సంవత్సరం "ఇంతకంటే ముందు కాదు" అని మాత్రమే చెబుతుంది. అప్పటి నుంచి ఎప్పుడైనా వేసి ఉండవచ్చు. దాన్ని స్క్రూతో కలిపి చూస్తేనే కథ నిలబడుతుంది. వేలం మాట అత్త జ్ఞాపకమే, దానికి రీలులో సాక్ష్యం లేదు. వాడకానికి మాత్రం ఉంది.

బెంగళూరులో పాత రీళ్ళు బాగుచేసే ఒకాయన కానీ, స్క్రూ, స్ప్రింగూ తీసేసి "సరైనవి" వేస్తానన్నాడు, కొనేవాడికి తెలియదన్నాడు. రెండు రోజులు ఆలోచించాం, అబద్ధం చెప్పకూడదు కాబట్టి ఉన్నది రాసి పంపాం. కొనేవాడు మర్యాదగా వద్దన్నాడు. ఈ వానాకాలానికి కప్పు మీద టార్పాలినే.

దీపావళికి అన్నీ తిరిగి బిగించి పెదనాన్న ముందు పెట్టాం. కానీ చిల్లు ఇరుసు కంటే పెద్దది. అది అటూ ఇటూ జరగకుండా లోపల సన్నటి రాగి ఉంగరం ఒకటి ఉంది. అదేమిటో మాకు అంతుపట్టలేదు. పెదనాన్న కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇంజను ఆయిలు గొట్టంరా ఇది" అన్నాడు. "ఆ గొట్టం ఎవరో ముక్క కోశారు, ఇంజను కారిపోతోందని మా అమ్మ నన్ను బాదింది. నాన్న పక్కనే కూర్చుని పళ్ళు కుట్టుకుంటున్నాడు, ఒక్క మాట అనలేదు."

అత్త వంటింట్లోంచే నవ్వింది.