ఆవరణము తారకా, దృష్టికా?

తారలు కానరాని నల్లని తావులను 18వ శతాబ్దిలో విలియం హెర్షెల్ ఆకాశమునందలి రంధ్రములని తలంచెను. అవి రంధ్రములు కావు, ధూళిమేఘములు. అయినను తారల నడుమ అంతటను శూన్యమే యన్న భావన చిరకాలము నిలిచినది.

1930లో అమెరికాయందలి లిక్ వేధశాలలో రాబర్ట్ ట్రంప్లర్ తారాగుచ్ఛముల దూరములను వాటి కాంతినిబట్టి గణించెను. అట్లు గణింపగా, దూరమున నున్న గుచ్ఛములు సమీపమున నున్నవానికంటె పెద్దవిగా తేలినవి. మనకు దూరమైనకొలది తారాగుచ్ఛములు పెరుగునా? అది అసంగతము. మార్గమధ్యమున సూక్ష్మధూళి కాంతిని హరించుచున్నదనియు, ఆ మసకనే మనము దూరముగా భ్రమించితిమనియు ఆయన నిశ్చయించెను.

ఈ ధూళి నీలకాంతిని ఎక్కువగా, ఎఱ్ఱని కాంతిని తక్కువగా అడ్డగించును. నవజాత తారాగుచ్ఛములు తమకు జన్మమిచ్చిన మేఘమునందే యుండుటచే అచ్చట ఈ తెర మఱింత దట్టము.

జిజ్ఞాసువులారా! తార తేజస్సు తరుగలేదు. ఆవరణము మన దృష్టికే. దృశ్యమును నిర్ణయించుటకు ముందు నడుమ నున్న తెరను లెక్కింపవలయును.