సిల్వర్ ఓక్ – పుస్తకాల బీరువా

అరకులోయ కాఫీతోటలలో నీడకై పెంచు సిల్వర్ ఓక్ మన దేశపు చెట్టు కాదు. దాని జన్మస్థానము తూర్పు ఆస్ట్రేలియా. 1830లో వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రౌన్ దానిని గ్రెవిల్లియా రొబస్టా అను పేరుతో వర్ణించెను. తేయాకు, కాఫీ తోటల వెంట అది 19వ శతాబ్దములో దక్షిణ భారతమునకు వచ్చినది. త్వరగా పెరుగుటయే దాని యోగ్యత.

గోడలో అమర్చు పుస్తకాల బీరువాకు టేకు శ్రేష్ఠమే గాని, ఉపాధ్యాయుని జీతమునకు అందదు. సిల్వర్ ఓక్ చౌక, తేలిక. చిత్రికకు బాగుగా లొంగును. అయితే చెదలకు తట్టుకొనలేదు. వానలు మెండైన కొండలలో గోడలు తేమ పీల్చును. కనుక గోడను తాకు అరలకు కడప బండలు, తలుపులకు మాత్రము ఈ కలప వాడుట మేలు. బండల బరువు మోయుటకు గోడ గట్టిగా ఉండవలెను సుమా! ఇక కలప కోరినంతనే దొరకదు: మిరియపు తీగ ప్రాకిన చెట్టును గిరిజన రైతు ఊరకే కొట్టనీయడు.