కొండవీటి రెడ్డి రాజ్యం – మన ఇళ్లలో మాటలు

పోస్టు కొంచెం పెద్దదే, చివరిదాకా చదవండి.

మేము పెదకాకాని హాస్టల్లో ఒకే రూములో నలుగురం. ఒకరిది తండా, ఇద్దరిది యానాది కాలనీ, ఒకరిది నల్లమల చెంచుగూడెం. నలుగురి ఇళ్లలోనూ కాలేజీకి వచ్చింది మేమే మొదలు. రాజుల చరిత్రలో మనవాళ్లెక్కడున్నారు, మనకెందుకులే అనుకునేవాళ్లం. మొన్న ఆదివారం గుంటూరు మీదుగా వెళ్లి కొండవీడు కోట చూసొచ్చాం. అప్పట్నుంచి రూములో ఇదే చర్చ.

1323లో కాకతీయులు పడిపోయాక ఇక్కడ ఒక చిన్న రాజ్యం లేచింది. 1325 ప్రాంతంలో ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా ఏలడం మొదలుపెట్టాడు. ఎర్రన ఆయన ఆస్థాన కవి. కొడుకు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చాడు. 1358లో మోటుపల్లి రేవులో శాసనం వేయించి, సముద్రం మీద వచ్చే వ్యాపారులకు అభయమిచ్చి సుంకాలు తగ్గించాడు. తర్వాత పెదకోమటి వేమారెడ్డి కొలువులో శ్రీనాథుడు విద్యాధికారి. చివరి రాజు రాచవేమారెడ్డి. 1424తో అంతా అయిపోయింది. మొత్తం వందేళ్లు.

ఈ రాచవేముడు బిడ్డ పుడితే పురిటి సుంకం కట్టమన్నాడని, కడుపు మండిన సవరం ఎల్లయ్య అతన్ని పొడిచి చంపాడని చెప్తారు. వ్యాపారులకు తగ్గించిన సుంకం సంగతి రాజు రాయి మీద చెక్కించుకున్నాడు. బాలింతల మీద వేసిన సుంకాన్ని మాత్రం జనమే గుర్తుపెట్టుకున్నారు.

శ్రీశైలానికి మెట్లు కట్టించింది ప్రోలయ వేమారెడ్డి అని పుస్తకాల్లో ఉంది. మా చెంచు తమ్ముడు మాత్రం "మల్లన్న మా ఇంటి అల్లుడు, మా పిల్లని చేసుకున్నాడు" అంటాడు. వాళ్ల అవ్వ చెప్పిందంట. మన పెదకాకాని గుళ్లో ఉన్నదీ ఆ భ్రమరాంబా మల్లేశ్వరులే. ఇన్నాళ్లూ ఆ గుడి ముందునుంచే తిరిగాం, ఈ సంగతి తట్టలేదు.

రెండొందల ఏళ్ల కిందట కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి, పెద్దలు చెప్పింది రాసుకున్నారు. అవే కైఫీయతులు. ఇవాళ చరిత్రకారులు వాటిని ఆధారంగా వాడుతున్నారు. అంటే నోటి మాట కూడా రాసిపెడితే చరిత్రే. మన తండాలకి, గూడేలకి ఎవరో వచ్చి రాస్తారని కూర్చోవద్దు. చదువు మనకొచ్చింది కదా.

ఈ సెలవులకి ఇంటికెళ్లినప్పుడు అవ్వని, తాతని కూర్చోబెట్టి ఒక్క కథ అడగండి. ఆమె చెప్పిన మాటల్లోనే, ఊరి పేరుతో సహా రాసి ఇక్కడ పెట్టండి. మా నలుగురివీ పండగ అయ్యాక పెడతాం.