ఉమ్మడి నల్లబల్ల

1937లో చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున జన్మించిన దబ్బల రాజగోపాల రెడ్డిగారు 1969లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున సహ ఆచార్యులైరి. మనిషి మాటను కంప్యూటరు గ్రహించునట్లు చేయుట వారి సంకల్పము.

వారి బృందము నిర్మించిన ‘హియర్‌సే-2’లో ధ్వనిని, పదమును, వాక్యమును పరీక్షించు విభాగములు వేరువేరు. అవన్నియు తమ ఊహలను ‘నల్లబల్ల’ అను ఉమ్మడి జ్ఞాపకమున వ్రాయును. పదిమంది విద్యార్థులు ఒకే బల్లపై ఒకేసారి లెక్కలు వేయబోయిన నేమగునో ఉపాధ్యాయులకు చెప్పనక్కరలేదు! ఒకడు చదువుచుండగా మరొకడు చెరిపివేయును. అట్లు జరుగకుండ ఫెన్నెల్, లెసర్ అనువారు వ్రాయుచున్న భాగమునకు తాళము వేయు నియమమునుంచి, పలు ప్రాసెసర్లు కలిసి పనిచేయు తీరును అనుకరించి చూచిరి. తాళము తీయువరకు వేచియుండుటలోనే ప్రాసెసర్ల వలని లాభము చాలవరకు హరించుకొనిపోవునని 1977లో వారు ప్రకటించిరి.

నేడు ఒకే చిప్పులోని పలు కోర్లు ‘కాష్’ అను చిన్న, వడిగల జ్ఞాపకమును పంచుకొనుచున్నవి. ఒక కోరు తెచ్చుకొన్న సమాచారమును వేరొకటి నెట్టివేసినచో, మొదటిది దూరపు జ్ఞాపకమునకు మరల పోవలెను. ఇంటి లెక్కలకు ఆ జాప్యము లెక్కలోనిది కాదు. కారు బ్రేకునకు మాత్రము ప్రాణాంతకము కావచ్చును. 2013లో అదే విశ్వవిద్యాలయమున కిమ్, కంధారే, రాజ్‌కుమార్‌లు కాష్‌ను ‘రంగులు’గా విభజించి, ఏ కోరు రంగులు ఆ కోరునకే కేటాయించిరి. ఒక కోరులోని పనులు మాత్రము ఆ రంగులను తమలో తాము పంచుకొనవచ్చును. అందువలని జాప్యమును ముందుగనే గణించి కాలనిర్ణయమున చేర్చిరి.